హారన్ మోగాక ఏమైందంటే

బాన్సువాడ థియేటర్లో పెంటవ్వ చూడని సినిమా లేదు. పూర్తిగా చూసిన సినిమా కూడా ఒక్కటీ లేదు. ఈ మాట చెబితే మా ఆఫీసులో ఒకాయన పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది కోటగిరి వైపు, నిజాంసాగర్ కాలువ కింద ఒక ఊరు. ఊరిని ఆనుకుని క్యాంపు ఉంటుంది. ఎప్పుడో తాతల నాడు కోస్తా నుంచి వచ్చి, పొలాలు కొనుక్కుని, ఇక్కడివాళ్ళే అయిపోయిన రైతుల ఇళ్ళు అవి. పొలాలు వాళ్ళవి, నాట్లు వేసేది మా వాడ ఆడవాళ్ళు. ఒక రైతు నాట్లన్నీ అయిపోయిన రోజు, ఆ రైతు తనకు నాట్లు వేసిన ఆడవాళ్ళ ముఠాను ట్రాక్టర్ మీద బాన్సువాడ పంపించి మ్యాట్నీ చూపించాలి. ఎవరు పెట్టారో తెలియదు గానీ మా దగ్గర అదొక రివాజు. బురద కాళ్ళు కాలువలో కడుక్కుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, ట్రాలీలో నిలబడి పాటలు పాడుకుంటూ పోయేవాళ్ళు. చిన్నప్పుడు మా అమ్మ కొంగు పట్టుకుని నేనూ పోయేదాన్ని.

ఒక్కటే చిక్కు. ఆ ట్రాక్టరే సాయంత్రం క్యాంపులోని పాల క్యాన్లను మెయిన్ రోడ్డు మీదికి, డెయిరీ బండికి అందించాలి. డెయిరీ బండి ఎవరి కోసమూ ఆగదు. అందుకని సినిమా ఇంకా కొంత ఉందనగా బయట హారన్ మోగేది. తెర మీద హీరోయిన్ ఏ గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నా సరే, మా వాళ్ళు కొంగులు దులుపుకుని లేవాల్సిందే. హారన్ కొట్టేది లింగం. క్యాంపులో పెద్ద రైతు హరనాథబాబు గారి ట్రాక్టర్ డ్రైవర్, పెంటవ్వకు సొంత మరిది. వదిన లోపల ఉందని కూడా చూసేవాడు కాదు.

మర్నాడు ఇంకో రైతు పొలంలో నారుకట్టలు విప్పుతూ అందరూ పెంటవ్వనే అడిగేవాళ్ళు, తర్వాత ఏమైందని. హాల్లోంచి అందరికంటే వెనక వచ్చేది ఆమే. గేటు దగ్గర టికెట్లు చింపే ఆయనను అడిగి వచ్చానని చెప్పేది. ఎవరికీ అనుమానం రాలేదు. ఆమె చెబుతుంటే చేతులు వాటంతట అవే ఆడేవి, వరుస ఎప్పుడు అయిపోయిందో తెలిసేది కాదు.

ఆ గేటాయన పెంటవ్వతో ఏనాడూ మాట్లాడింది లేదు. ముగింపులన్నీ ఆమె సొంతం. వాటిలో దొర చివరికి తన పొలంలో తానే వంగి నాటు వేసేవాడు. కోడలిని రాచిరంపాన పెట్టిన అత్త పెళ్ళి విందుకు ఒంటిచేత్తో వంట చేసేది. ఏడ్చి ఏడ్చి చచ్చిపోయే ఆడది పెంటవ్వ కథల్లో ఒక్కతి కూడా ఉండేది కాదు.

పెంటవ్వ పొట్టి మనిషి. గొంతు మాత్రం నాలుగు మడుల అవతలికి వినిపిస్తుంది. మొగుడు పెళ్ళైన కొత్తలోనే జ్వరం వచ్చి పోయాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోమంటే చేసుకోలేదు, పుట్టింటికి రమ్మంటే పోలేదు. ముఠాకు అప్పట్లో ఒక మగ మేస్త్రీ ఉండేవాడట. గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ, ఇంకా వంగండి, ఇంకా వంగండి అని అదిలించేవాడట. ఒకరోజు పెంటవ్వ నడుము ఎత్తి, నువ్వు దిగి వంగు, నేను గట్టు మీద కూర్చుంటాను అందట. వాడు దిగలేదు. ఆడవాళ్ళంతా గట్టెక్కి కూర్చున్నారు. మర్నాటి నుంచి ముఠాకు మేస్త్రీ పెంటవ్వే. కానీ ఆమె గట్టు మీద కూర్చోగా ఎవరూ చూడలేదు.

ముఠాలో పెంటవ్వ పక్క వరుస ఎప్పుడూ సక్రిది. సక్రి మా పక్క తండా పిల్ల. మద్నూర్ అవతల తండాకు ఇచ్చారు. మొగుడు తాగి వచ్చి కొట్టేవాడు. నాట్లప్పుడు పుట్టింటికి వచ్చి మా వాళ్ళతో పనిలోకి దిగేది. మోచేతుల దాకా బురద ఉన్నా దెబ్బలు దాగేవి కావు. ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేది.

సక్రికి బిడ్డ పుట్టిన మరుసటి యేడు హరనాథబాబు గారి నాట్లు అయిపోయిన రోజు చూసింది ఒక నలుపు తెలుపు సినిమా. అప్పటికే పాతది. అందులో మొగుడు భార్యను చావబాది ఇంకొకామెతో వెళ్ళిపోతాడు. ఆమె మిషన్ కుట్టి పిల్లను పెంచుకుంటుంది. చివరికి అన్నీ పోగొట్టుకుని, మాసిన గడ్డంతో వాడు వచ్చి గుమ్మంలో నిలబడతాడు. ఆమె కుడుతున్న బట్ట వదిలి లేస్తుంది. సరిగ్గా అక్కడ లింగం హారన్ కొట్టాడు.

మర్నాడు పెంటవ్వ చెప్పిన ముగింపు ఇది. ఆమె మొగుణ్ణి లోపలికి రానివ్వలేదు. తిట్టనూ లేదు. కుట్టే బట్ట మడిచిపెట్టి, పిల్లను చంకనెత్తుకుని, ఇంటికి తాళం వేసి, వాడి ముందు నుంచే నడిచిపోయి బస్సెక్కింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

నాట్లు అయిపోయాక సక్రి అత్తగారి తండాకు పోయింది. కొన్నాళ్ళకే పిల్లను చంకనేసుకుని మా ఊళ్ళో బస్సు దిగింది. తండా పెద్దలు కూర్చోబెట్టి, మొగుడి కాళ్ళు పట్టుకో, వాడే తీసుకుపోతాడు అని నచ్చజెప్పారు.

“సినిమాల గామె మల్ల మొగని మొకం చూసిందా?” అని అడిగింది సక్రి. “నేనెందుకు చూడాలె?”

పెద్దలకు ఆ సినిమా ఏదో తెలియనే తెలియదు. సక్రి పోలేదు. పెంటవ్వ ఇంటి పక్కనే గుడిసె వేసుకుంది. ఆ చంకపిల్ల ఇప్పుడు నిజామాబాద్‌లో నర్సింగ్ చదువుతోంది.

ఇక నా సంగతి. నా పేరు కృప. బాన్సువాడలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాను. పాత థియేటర్ ఎప్పుడో మూతపడి బియ్యం గోదాం అయింది. ఆ థియేటర్లో ఆపరేటర్‌గా చేసి ఇంట్లో కూర్చున్న సాంబమూర్తి సారూ నేనూ కలిసి కమ్యూనిటీ హాల్లో అప్పుడప్పుడు సినిమాలు వేస్తుంటాం. గోడకు తెల్లగుడ్డ, అద్దె ప్రొజెక్టర్, ప్లాస్టిక్ కుర్చీలు, ముందు ఒక జంపఖానా. దాన్నే మేం టాకీసు అంటాం. ఈ యాసంగిలో, రెండో పంట నాట్లప్పుడు, ఒక వారం పాటు పాత థియేటర్లో ఆడిన సినిమాలన్నీ వెతికి తెచ్చి వేద్దామనుకున్నాం. సాయంత్రాలు హాలు ఖాళీ ఉండదు కాబట్టి అన్నీ మ్యాట్నీలే. నాట్ల రోజుల్లో కూలివాళ్ళు సినిమాకు ఎందుకొస్తారు, వాళ్ళ కోసమైతే పొదుపు గురించి ఏదన్నా వీడియో వెయ్యరాదా అని మా ఆఫీసులో ఆ నవ్విన మనిషే సలహా ఇచ్చాడు. పొదుపు గురించి పెంటవ్వకు పాఠం చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదని అన్నాను.

పొలానికి పోయి పెంటవ్వకు సంగతి చెప్పాను. ఆమె అడిగింది ఒక్కటే, ఆఖరు దాకా వేస్తారా అని. వేస్తామన్నాను. హారన్ ఉండదు కదా అంది. ఉండదన్నాను. అంతే, వెనక్కి తిరిగి నాలుగు మడుల అవతలికి వినిపించేలా ముఠాకంతా చెప్పేసింది, వారం రోజులు మధ్యాహ్నమే గట్టెక్కుతున్నామని.

ఆ కబురు క్యాంపుకు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. హరనాథబాబు గారు మోటార్ సైకిల్ వేసుకుని వచ్చి గట్టు మీద ఆగారు. ఆయన చెడ్డ మనిషేం కాదు. పెంటవ్వ మొగుడు పోయినప్పుడు ఆయన తండ్రే దగ్గరుండి అన్నీ చూశాడంటారు. కానీ నారు ముదిరిపోతుందంటే ఏ రైతుకైనా నిద్ర పట్టదు. ఇలా మధ్యాహ్నమే గట్టెక్కితే తాను బీహార్ ముఠాను దింపుకోవాల్సి వస్తుందని, తర్వాత తనను అనుకోవద్దని చెప్పారు. బీహార్ మాట వినగానే కొందరు ఆడవాళ్ళు నడుములు ఎత్తి పెంటవ్వ వైపు చూశారు. ఆ భయం మా ఊళ్ళో అందరికీ ఉన్నదే.

పెంటవ్వ నడుము ఎత్తలేదు. నాటు వేస్తూనే జవాబు చెప్పింది.

“ఎకరాలు గుత్తకు పట్టినం బాబు. పొలం నీది, నారు నీది. పొద్దు మాది. మబ్బుల్నే దిగుతం, బువ్వ యాళ్ళకు గట్టెక్కుతం. నీ నారు ముదిరితే నన్నడుగు.”

ఆయన మోటార్ సైకిల్ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు. వీళ్ళు అన్నంత పనీ చేశారు. యాసంగి చలిలో తెల్లవారక ముందే మడిలో కాలు పెట్టడమంటే ఏమిటో పెట్టినవాళ్ళకే తెలుస్తుంది. నీళ్ళు కొరికేస్తాయి, వేళ్ళు మొద్దుబారి నారు జారిపోతుంది. మధ్యాహ్నానికల్లా పని ముగించి, ఆటోలు మాట్లాడుకుని, హాల్లోకి వచ్చి ముందు వరుసల్లో కూర్చునేవాళ్ళు. జంపఖానా మీద ఒక్కరు కూడా కూర్చోలేదు. కుర్చీలున్నప్పుడు కింద ఎందుకని పెంటవ్వ ముందే చెప్పింది.

మొదటి రోజే తంటా వచ్చింది. ఆ సినిమాలో దొరను పెంటవ్వ ఏనాడో నాట్లకు దింపేసింది. తెర మీద వాడు ఆఖర్న హీరో ఒళ్ళో తల పెట్టుకుని మంచివాడై చచ్చిపోయాడు. దీపాలు వెలగగానే అందరూ పెంటవ్వ వైపు తిరిగారు. మర్నాటి సినిమాలో వంట చేయాల్సిన అత్త హాయిగా కూర్చుని కోడలి చేత పాదాలు ఒత్తించుకుంది. ఆపైన ఇక నవ్వులు మొదలయ్యాయి. గేటాయనకు చెవుడా అవ్వా అని ఒకామె, ఆయన వేరే సినిమా సంగతి చెప్పినట్టున్నాడు అని ఇంకొకామె. పొలంలో కూడా అదే ఆట పట్టించడం. పెంటవ్వ మాత్రం తగ్గలేదు. నాది మంచిగ లేకుండెనా చెప్పుండ్రి అని ఎదురు అడిగేది. మంచిగా లేదని ఎవరూ అనలేకపోయేవాళ్ళు.

సక్రి ఒక్కతే నవ్వలేదు. తెర వైపు చూసి, పెంటవ్వ వైపు చూసి, మాట్లాడకుండా ఆటో ఎక్కేది. ఆ మౌనం చూసి నాకు గుబులు పట్టుకుంది. ఎందుకంటే ఆఖరు రోజు వేయాల్సింది ఆ మిషన్ కుట్టే ఆమె సినిమా.

సౌండు సరిగా వస్తుందో లేదో చూడడానికి సాంబమూర్తి సారూ నేనూ దాని చివరి భాగం ముందే వేసుకుని చూశాం. మొగుడు గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె పరుగెత్తుకెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి వాడి కాళ్ళు కడిగింది. ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంది. నా దేవుడు తిరిగి వచ్చాడు అంది. పిల్లను కూడా వంగి దండం పెట్టమంది. ఆ తర్వాత శుభం. సార్, ఇది వద్దు, మార్చేద్దాం అన్నాను. ఆయన ఎందుకని కూడా అడగకుండా సరేనన్నాడు.

పొద్దు గుంకుతుండగా పెంటవ్వ ఇంటికి పోయాను. నీళ్ళలో నాని ఒరిసిపోయిన కాలివేళ్ళ మధ్య పసుపు నూనె రాసుకుంటోంది.

“అవ్వా, ఆఖరు రోజు సినిమా మారుస్తున్నం” అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. “కాళ్ళు మొక్కుతదా?” అంది.

“కడుగుతది. నీళ్ళు నెత్తిన సల్లుకుంటది.”

పెంటవ్వ రెండో కాలికి నూనె అందుకుంది. నేనే ఆగలేక చెప్పుకుపోయాను. మిగతావాళ్ళు నవ్వితే నవ్వనీ గానీ సక్రి సంగతి వేరని, ఆమె బతుకంతా ఆ ఒక్క ముగింపు మీద నిలబడిందని, అది అబద్ధమని తెలిస్తే ఏమైపోతుందోనని. పెంటవ్వ మొఖంలో భయం కనిపించింది. ఆమెకు భయపడడం వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ మాటే తననూ తొలుస్తోందని ఒప్పుకుంది. అయినా తల అడ్డంగా ఊపింది.

“జిందగీల ఒక్క సినిమా ఆఖరు సూడనియ్యలే నన్ను. ఇప్పుడు నువ్వు గూడ హారన్ కొడ్తవా బిడ్డా?”

సరే, అదే వేస్తామన్నాను. లేచి వస్తుంటే వెనక నుంచి మళ్ళీ చెప్పింది, సక్రిని తన పక్కనే కూర్చోబెట్టమని.

ఆఖరు రోజు మధ్యాహ్నానికి హరనాథబాబు గారి నాట్లు పూర్తయ్యాయి. నారు ముదరలేదు. కోపం ఉన్నా ఆయన రివాజు తప్పలేదు, ట్రాక్టర్ పంపించారు. పాల వేళకు తిరిగి రావాలని లింగానికి గట్టిగా చెప్పి పంపారు. హాలు ముందు ట్రాలీ ఆగగానే పెంటవ్వ దిగి, ఇంజను దగ్గరికి పోయి చెయ్యి చాపింది. తాళంచెవి ఇమ్మంది. పాలు వదినా, బాబు తిడతాడు అని లింగం గునిశాడు. ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీయలేదు. వాడు ఇచ్చాడు. ఆమె దాన్ని బొడ్లో దోపుకుని లోపలికి వచ్చింది.

సినిమా నడుస్తున్నంతసేపూ నేను తెర చూడలేదు. ఆ రెండు కుర్చీలనే చూశాను. మొగుడు కొట్టే సీనులో సక్రి కదలలేదు. మిషన్ కుట్టే పాటలో మెల్లగా కూని రాగం తీసింది. ఇక తలుపు చప్పుడైంది. మాసిన గడ్డంతో వాడు గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె కుడుతున్న బట్ట వదిలి లేచింది.

బయట హారన్ మోగింది. తాళంచెవి లేకపోయినా హారన్ మోగే పాత ట్రాక్టర్ అది. ముందు వరుసల్లో ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా లేచి కొంగులు దులుపుకున్నారు. ఎవరూ ఆలోచించి లేవలేదు, కాళ్ళు వాటంతట అవే లేచాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను కూడా సగం లేచాను.

“కూసోండ్రి” అంది పెంటవ్వ.

అందరూ కూర్చున్నారు. హారన్ మళ్ళీ మోగింది, ఈసారి చాలాసేపు మోగింది. ఎవరూ తల తిప్పలేదు. చివరికి బయట లింగానికే విసుగు పుట్టి ఆపేశాడు. తెర మీద ఆమె కాళ్ళు కడిగింది, నీళ్ళు నెత్తిన చల్లుకుంది, పిల్ల చేత దండం పెట్టించింది. శుభం పడింది. సాంబమూర్తి సార్ లైటు వేశాడు.

ఒక్కరు కూడా నవ్వలేదు. నవ్వితే బాగుండునని నాకనిపించింది. పెంటవ్వ సక్రి వైపు చూడకుండా లేచి, తెరకు వీపు పెట్టి అందరి వైపు తిరిగి నిలబడింది. పొలంలో మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది. గేటాయన తనకు ఏనాడూ ఏమీ చెప్పలేదని, ఈ సినిమాదే కాదు, అన్నింటి ఆఖర్లూ తానే కల్పించానని, దానికి తనకేమీ సిగ్గు లేదని చెప్పింది.

“గాళ్ళకు నచ్చినట్టు గాళ్ళు తీసిన్రు. నాకు నచ్చినట్టు నేను చెప్పిన. మల్లడిగితే మల్ల గదే చెప్త” అంది. అప్పుడు సక్రి వైపు తిరిగింది. “సక్రీ, నిన్ను మాత్రం...” అని ఆగిపోయింది.

సక్రి కుర్చీలోంచి లేవలేదు.

“నాకెరికే అక్కా” అంది. “నువ్వు చెప్పకముందే చూసిన గీ సినిమా. మద్నూర్ల సర్పంచ్ ఇంట్ల టీవీల. నా మొగడు గూడ చూసిండు. ఇంటికొచ్చినంక చెంబు నా చేతిల పెట్టి గట్లనే కడుగుమన్నడు. కడిగిన.”

సక్రి తెల్లగుడ్డ వైపు ఒకసారి చూసి, మళ్ళీ పెంటవ్వ వైపు తిరిగింది.

“నువ్వు గామె బస్సెక్కిందని చెప్తుంటే అబద్ధమని నాకెరికే. కని గట్ల గూడ పోవచ్చని అంతకుముందు నాకు ఎవలు చెప్పలే అక్కా.”

పెంటవ్వ అక్కడే, ఎవరిదో కుర్చీలో కూలబడి, కొంగు మొఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడవగా చూడడం నాకు అదే మొదలు. సక్రి వచ్చి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. నేనూ ఏడ్చాను.

బయటికి వచ్చేసరికి లింగం ఉడికిపోతున్నాడు. డెయిరీ బండి పోయే ఉంటుందని, హరనాథబాబు గారు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారని ఒకటే గోల. పెంటవ్వ బొడ్లోంచి తాళంచెవి తీసి ఇచ్చి, బాబుకు తాను జవాబు చెప్పుకుంటానంది. ఆడవాళ్ళంతా ట్రాలీ ఎక్కారు. లింగం సీటులో కూర్చున్నాడు గానీ స్టార్ట్ చేయలేదు. ఇన్నేళ్ళూ బయట ట్రాక్టర్ మీద కూర్చుని హారన్ కొట్టినవాడు కూడా ఏ సినిమా ముగింపూ చూడలేదు కదా. కాసేపటికి మెడ తిప్పి, మెల్లగా అడిగాడు.

“ఆఖరుకు ఏమైంది వదినా?”

పెంటవ్వ నోరు తెరిచేలోపే సక్రి అందుకుంది.

“ఏమైతది? వాణ్ణి గుమ్మంలనే ఇడిసిపెట్టి, పిల్లనెత్తుకోని బస్సెక్కింది.”

మంచిపని చేసింది అంటూ లింగం ట్రాక్టర్ స్టార్ట్ చేశాడు. ట్రాలీ నిండా ఉన్న ఆడవాళ్ళలో ఒక్కరు కూడా కాదనలేదు.